పాతసామాన్లలో పోయిన బస్సు

"బస్సేదీ?"

కోడలు అలా అడగడం అది మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు పెద్దమేడమ్ పేపరు చదువుతున్నట్లు నటించింది. రెండోసారి దగ్గింది. మూడోసారికి నటనా అయిపోయింది, దగ్గూ అయిపోయింది.

"ఏ బస్సు?" అంది కళ్లజోడు తుడుచుకుంటూ.

"కింద గదిలో కిటికీ పక్కనున్న బస్సు అత్తయ్యా. మూడు వారాలు కూర్చుని మా బడి పిల్లలు పదకొండు మందీ కట్టుకున్న బస్సు. శుక్రవారం సాయంత్రం తాళం వేసేటప్పుడు ఉంది. ఇప్పుడు లేదు."

"అది బస్సా! అట్టపెట్టెలు అనుకున్నానే!"

వాష్‌బేసిన్ దగ్గర కొడుకు నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయాడు. పెళ్లయిన ఈ ఆరేళ్లలో అతను నేర్చుకున్న విద్య ఒకటే. ఇలాంటి సమయాల్లో నోట్లో బ్రష్షు ఉంటే ఎవరి పక్షానా మాట్లాడక్కర్లేదు. అందుకే తోమిన పళ్లే మళ్లీ తోమడం మొదలుపెట్టాడు.

"నిన్న మీరిద్దరూ బయటికెళ్లినప్పుడు పాతసామాన్లవాడు వచ్చాడు," అంది పెద్దమేడమ్. "గది చూస్తే అడుగు తీసి అడుగు వేసేట్టు లేదు. ఖాళీ డబ్బాలు, మూతలు, చిరిగిన అట్టలు. పాపం ఒక్కదానివీ చేసుకోలేకపోతున్నావని నేనే కాస్త సర్దాను."

"అయితే బాత్రూంలో ఉన్న ఆ నీలంరంగు కొత్త మగ్గు..."

"బదులుగా ఇచ్చాడు. గట్టిదే."

కోడలు కుర్చీలో కూలబడింది. గడియారం ఎనిమిది కొట్టింది.

"దానికి అట్ట వేలాడదీసి ఉంది కదా అత్తయ్యా," అంది చివరికి. "ఎర్రదారంతో. చెయ్యి బొమ్మ ఉన్నది."

ఉంది. పెద్దమేడమ్ చూసింది కూడా. అరచెయ్యి చాపినట్లు వేసిన బొమ్మ. కింది గదిలోని బడిలో ఉన్న చట్టం అదొక్కటే. పిల్లలు ఏదైనా కట్టడం సగంలో ఆపి ఇంటికి పోవాల్సి వస్తే దానికి ఆ అట్ట తగిలించి పోతారు. ఇంకా అవ్వలేదు, ఎవరూ ముట్టుకోవద్దు అని అర్థం. తగిలించినవాళ్లే తియ్యాలి. టీచరుకు కూడా ఆ హక్కు లేదు. నిన్న ఆ అట్ట చూసి పెద్దమేడమ్ నవ్వుకుంది. బస్సును బండికెత్తించి అట్టను మాత్రం దాచుకుంది. వెనకవైపు ఖాళీగా ఉంది, లిస్టు రాసుకోవడానికి పనికొస్తుందని.

ముప్పై రెండేళ్లు పిల్లలకు చదువు చెప్పి, అందులో పదేళ్లు హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి ఆవిడ. ఆవిడ చేతిరాత చూసి ఇన్‌స్పెక్టర్లు ముచ్చటపడేవారు. ఆవిడ చెయ్యిపట్టి దిద్దించని పిల్ల ఈ చుట్టుపక్కల వీధుల్లో లేదు. అలాంటిది సొంత కోడలు ఇంటి కింది భాగంలోనే బడి పెట్టి, అందులో పలక లేకుండా, బెంచీ లేకుండా, ఒక మూల ఇసుక తొట్టి, ఇంకో మూల నీళ్ల టబ్బు పెట్టి, పొద్దస్తమానం పిల్లల్ని ఆడించి అదే చదువంటే ఆవిడకు తలకొట్టేసినట్లుండేది. ఏడాదిగా పంటిబిగువున ఊరుకుంటూ వచ్చింది. పూర్తిగా ఊరుకుందా అంటే, ఊరుకోలేదు. ఆ సంగతి ఆవిడకూ, ఇంకొకరిద్దరికీ మాత్రమే తెలుసు.

"ఉడత శుక్రవారం పెదాలు కదిపింది అత్తయ్యా," అంది కోడలు.

ఉడత అంటే ఆ పదకొండు మందిలో ఒక పిల్ల. సీసా మూతలన్నీ జేబుల్లో దాచుకుంటుందని కోడలే ముద్దుగా ఆ పేరు పెట్టింది. ఇంట్లో గలగలా మాట్లాడుతుందట. ఇక్కడికొస్తే మాత్రం నోరు విప్పదు. రెండు నెలలైంది.

"ఆ బస్సులో కండక్టరు పని దానిది. అందులో నిలబడ్డప్పుడే పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు గానీ, వచ్చేస్తుంది, ఇవాళో రేపో వచ్చేస్తుంది అనుకున్నా. రెండు నెలలు ఎదురుచూశాను." కోడలు కళ్లు తుడుచుకుంది.

పెద్దమేడమ్ మళ్లీ కళ్లజోడు తీసి తుడిచింది. బస్సు చిన్న తప్పు. పెద్ద తప్పు గురువారం జరిగింది.

గురువారం గేటు దగ్గర ఉడత వాళ్ల నాన్న నిలబడి, "అమ్మగారూ, మీరు పెద్దవాళ్లు, చదువు చెప్పినవాళ్లు. మా పిల్లకి ఇక్కడ ఏమన్నా వస్తోందంటారా?" అని అడిగాడు. అతను బస్సు డ్రైవరు. చేతుల్లో టోపీ నలుపుతూ అడిగాడు. పెద్దమేడమ్ అక్కడికక్కడే కాగితం తీసి, పెద్ద బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న తన పాత శిష్యురాలికి ఉత్తరం రాసి ఇచ్చింది. "ఇక్కడ ఆటలే తప్ప చదువు లేదు. ఈ పాపకు మీ బడిలో సీటు ఇవ్వగలరు" అని. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

ఇప్పుడా ముత్యాలు గొంతులో అడ్డం పడ్డాయి.

"అమ్మాయ్, ఇంకోటుంది..." అని మొదలుపెట్టింది.

"ఇంకోటా! ఇంకేం ఇచ్చేశారు అత్తయ్యా?"

కోడలి మొహం చూసేసరికి ఆవిడకు ధైర్యం చాలలేదు. "ఏం లేదు. ఆ మగ్గు పిడి కూడా గట్టిదే అంటున్నా," అని నీళ్లు నమిలింది.

కొడుకు బ్రష్షు తీశాడు. "నేను స్కూటర్ మీద పోయి చూసొస్తా. ఇంకా కొట్లోనే ఉండొచ్చు," అని మొహమైనా సరిగ్గా కడుక్కోకుండా మెట్లు దిగాడు.

కోడలు లేచింది. "తొమ్మిదింటికి పిల్లలొస్తారు. బస్సేదని అడుగుతారు. మీరే చెప్పండి."

"నేనా! నాలుగేళ్ల పిల్లలకి నేను సంజాయిషీ చెప్పుకోవాలా?"

"బస్సు వాళ్లది కదా అత్తయ్యా," అంది కోడలు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే పెద్దమేడమ్‌కు సుఖంగా ఉండేది. తనూ పెంచేది.

*

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా కొడుకు తిరిగొచ్చాడు. చేతిలో పెద్ద అల్యూమినియం మూత ఒక్కటే ఉంది.

"అట్టలన్నీ తొక్కి లారీకెత్తేశారు. ఇదొక్కటే మిగిలింది. నీళ్ల పీపా మీద మూతపెట్టుకున్నాడు, బతిమాలి తెచ్చా," అన్నాడు. బస్సు స్టీరింగు అది. దాన్ని తల్లి చేతిలో పెట్టి ఆఫీసుకు ఉడాయించాడు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. చెప్పులు విప్పారు, సంచులు తగిలించారు, కిటికీ వైపు పరిగెత్తారు, ఆగిపోయారు. ఉడత అందరికంటే వెనక వచ్చింది. కిటికీ కింద ఖాళీగా ఉన్న నేలను చూసి, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడింది.

పెద్దమేడమ్ గది మధ్యలో నిలబడి ఉంది. వెయ్యిమంది పిల్లల ముందు మైకు లేకుండా మాట్లాడిన గొంతు ఆవిడది. ఇప్పుడు పదకొండు మంది ముందు ఆ అల్యూమినియం మూతను రెండు చేతులా పట్టుకుంది.

"మీ బస్సు నేను పాతసామాన్లవాడికి ఇచ్చేశాను," అంది.

"ఎందుకు?" అన్నాడొకడు. వాడిని బడిలో ప్రశ్నలబాబు అంటారు.

"అవసరం లేనివి అనుకున్నాను."

"ఎందుకు?"

"నాకు అది బస్సని తెలియలేదు నాయనా."

"ఎందుకు తెలియలేదు బామ్మా? చక్రాలున్నాయి కదా?"

ముప్పై రెండేళ్ల ఉద్యోగంలో ఆవిడను వరసగా మూడు ఎందుకులు అడిగిన మొనగాడు పుట్టలేదు. ఆ పదకొండు మందిలో ఇద్దరు కవలలున్నారు, వాళ్లలో ఒకతి ఏడుపు అందుకుంది. రెండోది అక్క వైపు ఓసారి చూసి, ఎందుకైనా మంచిదని తనూ అందుకుంది.

"చెయ్యి బొమ్మ చూడలేదా?" అన్నాడు ప్రశ్నలబాబు.

"చూశాను."

"చూసి కూడా తీసేశావా!"

కవలలు కూడా ఏడుపు ఆపి ఆవిడను చూశారు. చూడకుండా తియ్యడం వేరు, చూసి తియ్యడం వేరు. ఆ తేడా నాలుగేళ్ల పిల్లలకు ఎంత బాగా తెలుసో పెద్దమేడమ్‌కు ఆ క్షణంలో అర్థమైంది.

"చూసే తీశాను. తప్పు నాదే," అంది.

ఆ మాట ఆవిడ నోటి నుంచి రావడం కోడలు ఎప్పుడూ వినలేదు. ఆ మాటకొస్తే పెద్దమేడమ్ కూడా విని చాలా ఏళ్లయింది.

పిల్లలు గుంపుగా చేరి గుసగుసలాడుకున్నారు. తీర్పు ప్రశ్నలబాబే చెప్పాడు. "అయితే నువ్వే కట్టాలి."

"నాకు రాదే!"

"మేం చెప్తాంలే. స్టీరింగు ఇలా ఇయ్యి. చెయ్యి బొమ్మ అట్టేది?"

"నా దగ్గరే ఉంది." ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ మేడెక్కి, సొరుగులోంచి అట్ట తెచ్చింది. ఒకవైపు చాపిన చెయ్యి, రెండోవైపు ఆవిడ చేతిరాత: సబ్బులు, అగ్గిపెట్టెలు, దారపుండ. కోడలు అది చూసి పెదవి కొరుక్కుంది. అది కోపమో నవ్వో తెలియలేదు.

ఇక కోడలు మూలనున్న పొట్టి స్టూలు మీద కూర్చుని నోటుపుస్తకం తెరిచింది. రోజూ అంతే. పిల్లలు ఆడుతుంటే కూర్చుని రాసుకుంటుంది. అది పనెగ్గొట్టడమని పెద్దమేడమ్ ఏడాదిగా అనుకుంటోంది.

ఆవిడ కుర్చీలు తెచ్చి గీత గీసినట్లు వరసగా పెట్టింది. పిల్లలు పకపకా నవ్వారు.

"ఇలా పెడితే ఎక్కడ నడుస్తారు? మధ్యలో దారుండాలి!"

"ఓహో, అవును," అంది ఆవిడ. రెండు వరసలుగా జరిపింది. ఇటు నాలుగు, అటు నాలుగు.

"చాలవు," అన్నాడు ప్రశ్నలబాబు. "మనం పదకొండు. బామ్మతో పన్నెండు."

"అయితే ఎంతమంది..." అని అలవాటుగా నోరు తెరిచింది పెద్దమేడమ్. జవాబు కూడా నాలుక చివర ఉంది. స్టూలు మీద నుంచి కోడలు చూసిన చూపుకి నోరు మూసుకుంది. మూసుకోవడానికి ఎంత బలం కావాలో ఆవిడకే తెలుసు.

పిల్లలు కూర్చున్నారు. లేచారు. తోసుకున్నారు. మళ్లీ కూర్చున్నారు. మిగిలినవాళ్ల తలల మీద చెయ్యి వేసుకుంటూ ప్రశ్నలబాబు లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు. నలుగురు నిలబడాలి. కాదు కాదు, కండక్టరు ఎలాగూ నిలబడే ఉంటుంది. ముగ్గురే!" ముగ్గురే అనేసరికి ఏదో గెలిచినట్లు అందరూ చప్పట్లు కొట్టారు. తీసివేత చెప్పడానికి తను ఎన్ని బలపాలు అరగదీసిందో పెద్దమేడమ్‌కు గుర్తొచ్చింది.

ఉడత ఒక పక్కన చతికిలబడి, పాత క్యాలెండరు కాగితం ముందేసుకుని, పిల్లల కత్తెరతో టికెట్లు కత్తిరిస్తోంది. పెద్దమేడమ్ పక్కన కూర్చుంది. బొటనవేలు పైన, రెండు వేళ్లు కింద, మణికట్టు కుదురుగా. బలపం పట్టుకోవడానికి కావలసిన పట్టు అది. ఆ మూడు వేళ్లను దారికి తేవడానికి ముప్పై రెండేళ్లు ఆవిడ పిల్లల చేతుల మీద తన చెయ్యి వేసి కుస్తీ పట్టింది. ఈ పిల్ల ఎవరూ చెప్పకుండా, తల వంచి, నాలుక కాస్త బయటపెట్టి, ఒకటి తర్వాత ఒకటి కత్తిరించుకుంటూ పోతోంది.

కత్తిరించిన ప్రతి టికెట్ మీదా అంకె వేసింది. మూడు మాత్రం తిరగబడింది. సరిదిద్దాలని పెద్దమేడమ్ చెయ్యి దురదపెట్టింది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకుంది.

"నాకూ ఒకటి ఇస్తావా?"

ఉడత ఆలోచించి, ఆ తిరగబడ్డ మూడునే ఇచ్చింది.

"ఎక్కడిదాకా ఈ టికెట్?"

పిల్ల కిటికీలోంచి చాలా దూరంగా ఎటో చూపించింది. పెద్దమేడమ్ ఆ చిన్న వేలిని చూసి చాలా సంతోషపడింది. వెంటనే గురువారం గుర్తొచ్చి ఆ సంతోషం సగమైంది.

ఇక లాభం లేదని లేచి స్టూలు దగ్గరికి వెళ్లింది. "అమ్మాయ్, గురువారం నేనో పని చేశాను. నీకు చెప్పకుండా..."

"ష్! అటు చూడండి అత్తయ్యా!"

ఉడత కండక్టరు చోట నిలబడి ఉంది. చేతిలో టికెట్లు, మెడలో సంచి. పెదాలు కదులుతున్నాయి. మాట లేదు. కానీ కదులుతున్నాయి. కోడలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది, పొద్దున్న జరిగిందంతా మర్చిపోయి. ఆ చెయ్యి పట్టుకుని ఉండగా చెప్పడం పెద్దమేడమ్ వల్ల కాలేదు. ఈలోగా పిల్లలు, "బామ్మా, బస్సు పోతోంది, ఎక్కూ!" అని కేకలు వేశారు. ఎక్కింది.

కవలలు హారన్ కొట్టారు. ప్రశ్నలబాబు మూత తిప్పాడు. ముందు కుర్చీకి ఎర్రదారంతో చెయ్యి బొమ్మ ఊగుతోంది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్న ఆ పొట్టి కుర్చీలో కూర్చుని, పెద్దమేడమ్ మలుపు వచ్చినప్పుడల్లా అందరితోపాటు ఒక పక్కకు ఒరిగింది. రెండో మలుపు దగ్గర నవ్వింది కూడా.

అప్పుడు గుమ్మంలో ఖాకీ బట్టలు కనిపించాయి.

"టీచరుగారూ, నమస్కారం." ఉడత వాళ్ల నాన్న. డ్యూటీ మధ్యలో పరిగెత్తుకొచ్చినట్లున్నాడు, రొప్పుతున్నాడు. "పెద్ద బడిలో సీటు ఇచ్చేశారండీ. ఒంటిగంటలోగా ఫారం ఇవ్వాలన్నారు. ఇక్కడ మాన్పిస్తున్నట్లు మీరో సంతకం పెడితే పిల్లని తీసుకెళ్లిపోతాను."

కోడలు స్టూలు మీద నుంచి లేచింది. "ఇంత తొందరగా ఎలా ఇచ్చారు?"

"అంతా అమ్మగారి చలవండీ..." అంటూ అతను కాగితాలు అందించాడు. పైన ఫారం. కింద, ఫారంతోపాటే బడివాళ్లు తిప్పి ఇచ్చిన నాలుగు మడతల తెల్లకాగితం.

కోడలు ఫారం కిందికి పెట్టి, తెల్లకాగితం పైకి తీసింది. మొదటి మడత విప్పింది. ఆ ముత్యాలు ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు.

పెద్దమేడమ్ కుర్చీలోంచి దిగ్గున లేచింది.

"బస్సు కదులుతుంటే దిగకూడదు!"

గొంతు ఖణేలుమంది. ఎవరిదో వెంటనే ఎవరికీ తెలియలేదు. హారన్లు ఆగిపోయాయి. మూత తిరగడం ఆగిపోయింది. ఉడత నడుం మీద చెయ్యి పెట్టుకుని పెద్దమేడమ్ కళ్లలోకి చూస్తోంది.

"కూర్చో బామ్మా. నీ స్టాపు ఇంకా రాలేదు."

డ్రైవరు గుమ్మం పట్టుకున్నాడు. రోజుకు వందసార్లు తన బస్సులో వినే మాట అది. "మా అమ్మే!" అన్నాడు. కోడలి కళ్ల వెంట నీళ్లు ధారగా కారిపోతున్నాయి, నవ్వుతోంది, ఆ నవ్వులోనే చేతిలో కాగితం సంగతి గుర్తొచ్చి, రెండో మడత మీద వేలు పెట్టింది.

పెద్దమేడమ్ కూర్చుంది. కండక్టరు మాట కాదనడానికి లేదు. లేవడానికి లేదు, లాక్కోవడానికి లేదు. మిగిలింది నోరొక్కటే.

"అమ్మాయ్, నువ్వు చదవకముందే చెప్తున్నాను," అంది. "ఆ ఉత్తరం నేనే రాశాను. ఇక్కడ చదువు లేదని రాశాను. ఈ పొద్దు దాకా అలాగే అనుకున్నాను."

కోడలి వేలు మడత మీదే ఆగిపోయింది. నవ్వు పోయింది. అత్తగారిని చూసింది, గోడ గడియారం చూసింది, కుర్చీకి ఊగుతున్న చెయ్యి బొమ్మను చూసింది. డ్రైవరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

కోడలు కాగితం విప్పలేదు. తిరిగి ఇవ్వనూ లేదు. దాన్ని పిడికిట్లో పట్టుకుని మెల్లగా వచ్చి బస్సెక్కి, పెద్దమేడమ్ కుర్చీ పక్కన నిలబడింది.

"టికెట్!" అంది ఉడత.

కోడలు టికెట్ తీసుకుంది. "మీ స్టాపు ఇంకా రాలేదుగా అత్తయ్యా," అంది, ఆవిడ మొహంలోకి చూడకుండా. "చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి."

"రైట్ రైట్!" అంది ఉడత. బస్సు కదిలింది.